ఎంపీసీ చదివి కెమికల్ బయాలజీ పీహెచ్‌డీకి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: వైజాగ్‌లో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫైనలియర్. టెన్త్ తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకోలేదు. ఇద్దరు గైడ్ల (ఒకరు కెమిస్ట్రీ, ఒకరు బయాలజీ) కింద కెమికల్ బయాలజీలో, అంటే మనం తయారుచేసిన మాలిక్యూల్స్‌తో సెల్స్ లోపలి సంగతులు తేల్చే సబ్జెక్టులో, పీహెచ్‌డీ చేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతానేమోనని భయం.

అవ్వరు. కాకపోతే సగం కెమిస్టు, సగం బయాలజిస్టు అవుదామని మాత్రం వెళ్లకండి. కెమిస్టుగానే వెళ్లండి, కెమిస్టుగానే బయటికి రండి. మధ్యలో సెల్స్‌తో పని మాత్రం మీ చేతులతో మీరే చేయడం నేర్చుకోండి. నాదీ మీ దారే. గాజువాకలో డిగ్రీ, ఇక్కడే ఎమ్మెస్సీ, వేరే రాష్ట్రంలో ఇద్దరు గైడ్ల కింద పీహెచ్‌డీ, ఇప్పుడు మళ్లీ వైజాగ్‌లోనే పాఠాలు చెబుతూ ఒక చిన్న ల్యాబ్ చూసుకుంటున్నాను. (మా అమ్మ పెళ్లిసంబంధాల వాళ్లకి నేనేం చదువుతున్నానో ఒక్కొక్కళ్లకి ఒక్కోలా చెప్పేది. మీ ఇంట్లో కూడా ఇది తప్పదు.)

మొదటి ఏడాది నన్ను బయాలజీ ల్యాబ్‌కి పంపినప్పుడు చేతికిచ్చిన పని ఫాస్ఫటేజ్ అనే ఎంజైముకి అస్సే, అంటే దాని పనిని కొలిచే టెస్టు. ఎంజైము ఎంత ఫాస్ఫేట్‌ని విడగొట్టిందో కొలవాలి. యాసిడ్‌లో అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, రిడ్యూసింగ్ ఏజెంట్ కలిపితే ట్యూబులో నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత ముదురు. నేను తయారుచేసిన కాంపౌండ్ డోసు పెంచేకొద్దీ ఆ నీలం వెలిసిపోతూ వచ్చింది, అంటే ఎంజైము పని ఆగుతోందన్నమాట. అప్పటిదాకా ఎన్ఎంఆర్‌లో (మాలిక్యూల్ నిర్మాణం చూపించే మెషీన్) పీకులు చూసి మురిసిపోవడమే తెలిసిన నాకు, నా మాలిక్యూల్ ఒక పని చేస్తోందని కళ్లారా కనిపించడం అదే మొదలు. ఆ పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారో, 1925 నాటిది. ఆ సుబ్బారో ఎవరో కాదు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీలో డాక్టరేట్ తీసుకుని, తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసే బృందాన్ని నడిపించారు. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ఆ పని నుంచే వచ్చింది. ఆయన్ని ఏ డిపార్ట్‌మెంట్‌లో కూర్చోబెడతారో చెప్పండి!

సబ్జెక్టు కంటే అలవాట్లు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మన దగ్గర రియాక్షన్ అయింది, ఎన్ఎంఆర్ క్లీన్‌గా ఉంది, ఇక తర్వాతి స్టెప్. సెల్స్ దగ్గర అలా నడవదు. వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు, ప్రతిసారీ కొత్తగా పెంచిన సెల్స్‌తో అదే ఫలితం వస్తేనే మాట్లాడనిస్తారు. కెమిస్ట్రీ గైడేమో "ఇంకో పది అనలాగ్స్ (అదే మాలిక్యూల్‌కి చిన్న మార్పులు చేసినవి) చెయ్యమ్మా" అంటారు, బయాలజీ గైడేమో "ఉన్నదాన్నే మళ్లీ చెయ్యి" అంటారు. ఇద్దరిదీ న్యాయమే. నలిగిపోయేది మీరు.

అటువైపు వాళ్లకీ ఓ గుడ్డినమ్మకం ఉంటుంది. సీసా మీద లేబుల్ ఉంటే లోపల అదే ఉందనుకుంటారు. మన ఊళ్లో ఆగస్టు గాలిలో తేమ పీల్చే పొడిని తూచి చూడండి, బ్యాలెన్స్ మీద అంకె ఆగదు, పెరుగుతూనే ఉంటుంది. కాంపౌండ్లని కరిగించే డీఎంఎస్‌ఓ అనే ద్రవం కూడా అంతే, నీళ్లని లాగేస్తుంది. పది మిల్లీమోలార్ స్టాక్ (వాడేటప్పుడు పలచన చేసుకునే చిక్కటి ద్రావణం) అని రాసిపెట్టిన సీసాని పదిమంది తెరిచి మూసేసరికి అందులోకి నీళ్లు చేరతాయి. సరిగా కరగని కాంపౌండ్ అయితే అడుగున తెల్లగా దిగిపోతుంది. బయాలజీ వాళ్లు "మందు పవరు తగ్గిపోయింది" అని కంగారు పడుతుంటే, సీసాని లైటుకి ఎత్తిపట్టి చూడాలని తోచేది కెమిస్టుకే. అందుకే మా ల్యాబ్‌లో స్టాకుని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్‌లో పెడతాం. ఒకసారి తీసిన ట్యూబు మళ్లీ లోపలికి వెళ్లదు.

ఇంకో సంగతి. కాంపౌండ్ వేశాం, క్యాన్సర్ సెల్స్ చచ్చిపోయాయి అంటే అది పేపరుకి సరిపోదు. డోసు పెంచితే ఏది వేసినా చస్తాయి. మీరనుకున్న ప్రొటీన్‌కి అతుక్కోవడం వల్లే చచ్చాయని చూపించాలంటే, చూడ్డానికి దాదాపు అలాగే ఉండి, ఆ ప్రొటీన్‌కి మాత్రం అతుక్కోని జోడీ మాలిక్యూల్ ఒకటి కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడ్డానికి, కావాలి. ఎక్కడ ఒక మిథైల్ పెడితే బైండింగ్ పోతుందో ఆలోచించి దాన్ని తయారుచేసేది మీరు. 2022 కెమిస్ట్రీ నోబెల్ గుర్తుంది కదా? మీరు ఎమ్మెస్సీలో చదివే అజైడ్-ఆల్కైన్ క్లిక్ రియాక్షన్‌కి (రెండు మాలిక్యూల్స్‌ని టక్కున అతికించేది) కాపర్ కావాలి, కాపరేమో బతికున్న సెల్స్‌కి విషం. కరోలిన్ బెర్టోజీ ఆల్కైన్‌ని ఎనిమిది కార్బన్ల రింగులో ఇరికించి, ఆ స్ట్రెయిన్‌తోనే (వంచి పెట్టడం వల్ల వచ్చే బిగువు) రియాక్షన్ నడిచేలా చేశారు, కాపర్ అవసరం లేకుండా పోయింది. రింగ్ స్ట్రెయిన్ డిగ్రీలోనే చదివే పాఠం.

ఎక్కడ చేరాలన్నది చివర్లో అడిగారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. ఇద్దరు గైడ్లు అని కాగితం మీద ఉన్నంత మాత్రాన ఏమీ లేదు. నాకు తెలిసిన ఒకమ్మాయి కో-గైడ్ ఏడాదికోసారి సంతకం పెట్టడానికి తప్ప కనిపించేవారు కాదు, థీసిస్ చివరికి ఉత్త సింథసిస్ థీసిస్ అయింది. కాబట్టి సీనియర్లకి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "మీ కాంపౌండ్స్ ఎవరు టెస్ట్ చేస్తారు?" "మేమే" అంటే వెళ్లండి. "బయటికి పంపిస్తాం" అంటే అది కెమిస్ట్రీ పీహెచ్‌డీ, దానికి తగ్గట్టు ఆలోచించుకోండి. ల్యాబ్ మీటింగుకి ఇద్దరు గైడ్లూ కలిసి కూర్చుంటారా అన్నది కూడా కనుక్కోండి.

లండన్ ఇంపీరియల్ కాలేజ్ లాంటి చోట్ల దీనికి పద్ధతి ప్రకారం నడిచే శిక్షణ ఉంది: మొదట ఒక ఏడాది ఎంరెస్ (రీసెర్చ్ మాస్టర్స్ డిగ్రీ), ఆపైన మూడేళ్ల పీహెచ్‌డీ, రెండు వైపుల నుంచీ గైడ్లు. అమెరికాలో ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్లు కెమిస్ట్రీ-బయాలజీ ఇంటర్‌ఫేస్ పేరుతో యూనివర్సిటీలకి ట్రైనింగ్ గ్రాంట్లే ఇస్తారు. మనకి దగ్గర్లో అంటే హైదరాబాద్‌లో ఐఐసీటీ (కెమిస్ట్రీ పరిశోధన సంస్థ), సీసీఎంబీ (సెల్ బయాలజీ పరిశోధన సంస్థ) ఇరుగుపొరుగు. అసలు సీసీఎంబీ 1977లో మొదలైందే ఇప్పటి ఐఐసీటీలోని బయోకెమిస్ట్రీ విభాగంతో. ఐసర్ తిరుపతి, ఐసర్ పుణె, బెంగళూరు ఐఐఎస్‌సీ కూడా చూడండి.

డబ్బు విషయం: 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (మొదటి రెండేళ్ల ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. రెండు ల్యాబులు తిరిగేవాళ్లు మూడేళ్లలో బయటపడతారని ఇంట్లో మాటివ్వకండి.

ఉద్యోగం పరవాడ ఫార్మా సిటీలోనే కావాలనుకుంటే ఇంత తిరుగుడు అక్కర్లేదు, ప్రొడక్షన్‌కీ ప్రాసెస్ కెమిస్ట్రీకీ మీ ఎమ్మెస్సీ చాలు. డ్రగ్ డిస్కవరీలోకి వెళ్లాలన్నా, సొంత ల్యాబ్ పెట్టాలన్నా ఇది పనికొస్తుంది. లెక్చరర్ పోస్టులకి ముందు చూసేది పీజీ సబ్జెక్టునే, అక్కడ మీరు కెమిస్ట్రీయే కాబట్టి టెన్షన్ లేదు. నెట్ కూడా కెమికల్ సైన్సెస్‌లోనే రాయండి, లైఫ్ సైన్సెస్ జోలికి పోవద్దు.

ఈలోగా మీ క్యాంపస్‌లో బయోకెమిస్ట్రీ వాళ్లనడిగి ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైములు ఎంత వేగంగా పనిచేస్తాయో చెప్పే పాఠం) క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చోండి, ఎవరూ వద్దనరు. గైడ్లకి మెయిల్ పెట్టేటప్పుడు అందరికీ ఒకటే కాపీ పేస్ట్ చేయకుండా, వాళ్ల పేపరొకటి చదివి అందులో మీకు అర్థంకాని ఒక కంట్రోల్ గురించి అడగండి.