సీజన్ కథ రాయబోతున్న మనవడికి

చిరంజీవి చిన్నోడికి చిన్న తాతయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. 1946-47 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సీజన్ మీద పెద్ద వ్యాసం మొదలుపెట్టానని, రెండు పేజీలు రాసేసరికి ఎటు పోవాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశావు. ఫోన్లో చెప్తే సగం విని సగం మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు పేపర్లో స్పోర్ట్స్ పేజీ చూసినవాణ్ని కాబట్టి ఈ పనిలో నాకు కొంచెం అనుభవం ఉంది.

నువ్వు పంపిన మొదటి పేజీలో మొదటి వాక్యమే "లివర్‌పూల్ చాంపియన్‌గా నిలిచిన సీజన్ ఇది" అని ఉంది. అది కొట్టెయ్. 1947 జూన్ 14 సాయంత్రం దాకా ఆ సంగతి లివర్‌పూల్ ఆటగాళ్లకే తెలియదు. వాళ్లకు తెలియనిది నీ పాఠకుడికి మొదటి లైన్లోనే చెప్పేస్తే, మిగతా పది పేజీలు ఎందుకు చదువుతాడు?

ముందు ఒక నోట్‌బుక్ కొనుక్కో. కంప్యూటర్లో కాదు, కాగితం మీదే. ఎడమ పేజీలో తేదీ, ఆ రోజు మ్యాచ్‌లు, స్కోర్లు. కుడి పేజీలో ఆ వారం దేశంలో ఏం జరుగుతోందో రాయి. వారం వారం పాయింట్ల పట్టిక నువ్వే కట్టుకో. చివరి పట్టిక వైపు చూడకు. కష్టమే, నాకు తెలుసు. కానీ పది వారాలు అలా కట్టాక నీకే తెలుస్తుంది, స్కోర్లు చదవడం వేరు, సీజన్లో ఉండటం వేరు అని.

నోట్‌బుక్ మొదటి పేజీ 1946 ఆగస్టు 31తో మొదలుపెట్టకు. 1939తో మొదలుపెట్టు. ఆ ఏడాది సెప్టెంబరులో యుద్ధం ప్రకటించేసరికి ఒక్కో జట్టు రెండు మూడు మ్యాచ్‌లు ఆడింది, అంతే. లీగ్ ఆగిపోయింది. ఏడేళ్ల తర్వాత మళ్లీ మొదలైనప్పుడు వాళ్లు కొత్త షెడ్యూల్ వేసుకోలేదు. 1939లో అచ్చయిన మ్యాచ్‌ల వరసనే తీసి వాడారు. ఎవరితో ఆట ఆగిందో వాళ్లతోనే మళ్లీ మొదలు. లివర్‌పూల్ 1939లో మొదటి మ్యాచ్ షెఫీల్డ్ యునైటెడ్ మైదానం బ్రామల్ లేన్‌లో ఆడి ఓడిపోయింది. 1946లోనూ మొదటి మ్యాచ్ అక్కడే, ఈసారి 1-0తో గెలిచింది. ఈ బ్రామల్ లేన్ పేరు కింద ఒక గీత గీసి పెట్టుకో. చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఆ ఏడేళ్లలో కొందరు ఆటగాళ్లు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో కొందరికి వయసు మీరిపోయింది. మాంచెస్టర్ యునైటెడ్‌కు సొంత మైదానమే లేదు. ఓల్డ్ ట్రాఫర్డ్ మీద 1941లో బాంబులు పడ్డాయి, అందుకని పక్క క్లబ్ మాంచెస్టర్ సిటీ మైదానం మెయిన్ రోడ్‌లో ఆడేవాళ్లు. జనానికి తిండి కూడా సరిగ్గా లేదు. యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా లేని బ్రెడ్ రేషన్ 1946 జూలైలో పెట్టారు. లివర్‌పూల్ మేనేజర్ జార్జ్ కే ఆ వేసవిలో జట్టును అమెరికా, కెనడా పర్యటనకు తీసుకెళ్లాడు. అక్కడ మాంసం, పాలు, గుడ్లు కడుపునిండా దొరికాయి. చాంపియన్లు ఎలా అయ్యారని నిన్నెవరైనా అడిగితే ఆ భోజనం సంగతి తప్పకుండా చెప్పు. ఇవన్నీ కుడి పేజీలో రాయాల్సినవి. కుడి పేజీ ఖాళీగా ఉంచి ఎడమ పేజీ మాత్రమే నింపితే అది ఏ సంవత్సరం సీజనైనా కావచ్చు.

ఇక ఎడమ పేజీ చూడు. లివర్‌పూల్ సెప్టెంబరు 7న చెల్సీ మీద 7-4తో గెలిచింది. నాలుగు రోజులకే మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 5-0తో చిత్తయింది. ఆ దెబ్బతోనే న్యూకాజిల్ నుంచి ఆల్బర్ట్ స్టబిన్స్‌ను 12,500 పౌండ్లకు కొన్నారు. నవంబరులో జాక్ బామర్ వరసగా మూడు మ్యాచ్‌ల్లో హ్యాట్రిక్ కొట్టాడు: పోర్ట్స్‌మత్ మీద మూడు, డెర్బీ మీద నాలుగు, ఆర్సెనల్ మీద మూడు. మూడు శనివారాల్లో పది గోల్స్. ఆహా అనుకుంటాం. డిసెంబరులో సొంత మైదానంలోనే వోల్వ్స్ (వోల్వర్‌హాంప్టన్ వాండరర్స్ జట్టు) చేతిలో 5-1తో ఓడిపోయారు. వారం వారం రాస్తూ వస్తే, ఈ జట్టు చాంపియన్ అవుతుందని డిసెంబరులో నువ్వు పందెం కాయవు. ఆ అనుమానాన్ని అలాగే పట్టుకో, పాఠకుడికి కూడా కలగనివ్వు.

1947 చలికాలం గురించి ఒక పేరా చాలనుకుంటున్నావు. చాలదురా. జనవరి చివర మొదలైన మంచు మార్చి మధ్య దాకా వదల్లేదు. బొగ్గు గనుల నుంచి కదల్లేదు, కరెంటు కోతలు, ఫ్యాక్టరీల మూత. మైదానాలు గడ్డకట్టి వరసగా మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. ఇప్పుడైతే ఫ్లడ్‌లైట్లు వేసి బుధవారం రాత్రి ఆడేస్తారు. అప్పుడు ఫ్లడ్‌లైట్లు లేవు, వారం మధ్యలో మ్యాచ్ అంటే మధ్యాహ్నమే. పనివాళ్లు ఫ్యాక్టరీ ఎగ్గొట్టి మ్యాచ్‌కు పోతారని ప్రభుత్వం వారం మధ్య మ్యాచ్‌లు ఆపించింది. దాంతో మే మొదట్లో అయిపోవాల్సిన సీజన్ జూన్ దాకా సాగింది. ఆ ఆఖరి నెలలో జరిగిందంతా ఈ మంచు వల్లే జరిగింది. మంచును వాతావరణ వివరంగా కాకుండా కథలో ఒక పాత్రగా రాయి.

మే 31. లివర్‌పూల్‌కు అది ఆఖరి మ్యాచ్, వోల్వ్స్‌కూ ఆఖరిదే, వోల్వ్స్ మైదానంలో. వోల్వ్స్ 56 పాయింట్లు, లివర్‌పూల్ 55. మంచులో చిక్కుకున్న సీజన్ మండే ఎండలోకి వచ్చి పడింది. బామర్ ఒకటి, స్టబిన్స్ ఒకటి కొట్టారు. లివర్‌పూల్ 2-1తో గెలిచి 57కు చేరింది (అప్పట్లో గెలుపుకు రెండు పాయింట్లే). వోల్వ్స్ కెప్టెన్ స్టాన్ కల్లిస్‌కు అది వీడ్కోలు మ్యాచ్. స్టబిన్స్ గోల్ వైపు పరిగెడుతుంటే వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగే అవకాశం ఉన్నా కల్లిస్ లాగలేదని, అలా చేసిన మనిషిగా గుర్తుండిపోవడం ఇష్టం లేదని అన్నాడని చెప్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగు. స్కోరు, తేదీ, గోల్ కొట్టినవాళ్ల పేర్లు రికార్డు. చొక్కా లాగని సంగతి తర్వాత చెప్పుకున్న మాట. నాకు ఆ మాటంటే ప్రాణం, నువ్వూ రాయి. కానీ "చెప్తారు" అనే క్రియ వదలకు. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది కదా, దాని గురించి రాద్దామని నేను ఒకప్పుడు పాత ఆటగాళ్ల ఇళ్లకు తిరిగాను. ఒకే గోల్ గురించి ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. జ్ఞాపకం అంతే. రికార్డును రికార్డులా, జ్ఞాపకాన్ని జ్ఞాపకంలా రాస్తే రెండింటికీ గౌరవం.

మే 31తో కథ అయిపోలేదు. స్టోక్ సిటీకి ఇంకో మ్యాచ్ మిగిలింది, జూన్ 14న. స్టోక్‌కు 55 పాయింట్లు. గెలిస్తే 57, గోల్ యావరేజ్‌లో (పాయింట్లు సమానమైతే చూసే గోల్స్ లెక్క) లివర్‌పూల్ కన్నా పైన, అంటే టైటిల్ వాళ్లదే. ఆడాల్సింది ఎక్కడో తెలుసా? బ్రామల్ లేన్‌లో. పైగా తమ స్టార్ స్టాన్లీ మాథ్యూస్‌ను ఆ మేలోనే బ్లాక్‌పూల్‌కు 11,500 పౌండ్లకు అమ్మేశారు. రెండు వారాల పాటు లివర్‌పూల్ చేతిలో చేయడానికి ఏమీ లేదు, ఎదురుచూడటమే. ఆ రోజు వాళ్లు ఎవర్టన్‌తో స్థానిక కప్ ఫైనల్ ఆడుతుంటే, స్టోక్ 2-1తో ఓడిందని మైదానంలో మైకులో చెప్పారు. నీ వ్యాసంలో "లివర్‌పూల్ చాంపియన్" అన్న మాట మొదటిసారి రావాల్సింది ఇక్కడ.

లెక్కల గురించి ఒక మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సీజన్ గురించే చిన్న ఐటమ్ రాస్తూ వోల్వ్స్‌ను రెండో స్థానంలో, మాంచెస్టర్ యునైటెడ్‌ను మూడో స్థానంలో వేశాను. ఇద్దరికీ 56 పాయింట్లే. యునైటెడ్ కొట్టినవి 95, ఇచ్చినవి 54, తేడా 41. వోల్వ్స్ కొట్టినవి 98, ఇచ్చినవి 56, తేడా 42. కాబట్టి వోల్వ్స్ ముందు అనుకున్నాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడు కార్డు రాశాడు. అప్పట్లో తేడా చూసేవాళ్లు కాదని, కొట్టినవాటిని ఇచ్చినవాటితో భాగించేవాళ్లని. భాగించి చూశాను. యునైటెడ్‌కు 1.759, వోల్వ్స్‌కు సరిగ్గా 1.75. యునైటెడే రెండోది. గోల్ తేడా పద్ధతి ఇంగ్లండ్ లీగ్‌లోకి 1976లో వచ్చింది, గెలుపుకు మూడు పాయింట్లు 1981లో. ఆ కార్డు చాలా ఏళ్లు నా డెస్క్ అద్దం కింద ఉంది.

సరదాకి అదే పట్టికను ఇప్పటి మూడు పాయింట్ల లెక్కతో కట్టి చూడు. లివర్‌పూల్ 82, వోల్వ్స్ 81, స్టోక్ 79, యునైటెడ్ 78. రెండో స్థానం యునైటెడ్ నాలుగో స్థానానికి పడిపోతుంది, పన్నెండు డ్రాలు ఆడారు మరి. కానీ దీన్ని వ్యాసంలో పెట్టి ఎవరికో అన్యాయం జరిగిందని వాదించకు. వాళ్లు తమకు తెలిసిన లెక్కకు తగ్గట్టు ఆడారు. డ్రాకు సగం విలువ ఉన్న రోజుల్లో డ్రా కోసం ఆడటం తెలివే.

లీగ్‌తో పాటు జరిగే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ గురించి నువ్వు రెండు లైన్లు రాశావు. చార్ల్‌టన్ 1-0తో బర్న్‌లీ మీద, అదనపు సమయంలో డఫీ గోల్. సరే, 1947 ఏప్రిల్ 26 ఫైనల్‌కు అంతకన్నా పెద్దగా అక్కర్లేదు. సెమీఫైనల్ రీప్లేలో లివర్‌పూల్‌ను ఓడించింది ఆ బర్న్‌లీయే అని చేర్చు. బంతి పగిలిపోయిన సంగతి కూడా చెప్పు. ముందు ఏడాది ఫైనల్లోనూ పగిలింది. అప్పట్లో మంచి తోలు ఎక్కడిది?

కానీ ఆ ముందు ఏడాది కప్ గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. అది మాత్రం నేను ఒప్పుకోను. 1945-46లో జాతీయ లీగ్ ఇంకా మొదలు కాలేదు, ఎఫ్ఏ కప్ ఒక్కటే. ఎక్కువ మ్యాచ్‌లు దొరకాలని ఆ ఒక్క ఏడాది ఆరో రౌండ్ దాకా రెండేసి అంచెలుగా ఆడించారు. ఏడేళ్లు ఆకలితో ఉన్న జనం ఒక్కసారిగా మైదానాల మీద పడ్డారు. 1946 మార్చి 9న బోల్టన్‌లోని బర్న్‌డెన్ పార్క్‌కు స్టోక్ వచ్చింది, మాథ్యూస్‌ను చూడటానికి ఊరంతా కదిలింది. యుద్ధకాలంలో ప్రభుత్వం తీసుకున్న ఒక వైపు స్టాండ్ ద్వారాలు ఇంకా మూసే ఉన్నాయి. జనమంతా రైలు పట్టాల వైపు చివరకు చేరారు. గేట్లు మూశాక కూడా గోడలెక్కి, పట్టాలు దాటి లోపలికి వచ్చారు. ఇనుప అడ్డుకమ్మీలు రెండు కూలాయి. 33 మంది ఊపిరాడక చనిపోయారు.

మృతదేహాలను మైదానం పక్కన పడుకోబెట్టి, గీతలు మళ్లీ గీసి, ఆట కొనసాగించారు. విరామం కూడా లేకుండా పక్కలు మారి ఆడారు. స్కోరు 0-0. అక్కడున్న చాలామందికి అంత ఘోరం జరిగిందని ఇంటికెళ్లాక గానీ తెలియలేదు. అధికారిక హాజరు 65,419 అని రాసి ఉంటుంది. అది ద్వారాల దగ్గర లెక్కకొచ్చినవాళ్ల సంఖ్య. లోపల 85,000 మంది ఉన్నారని అంచనా. హాజరు అంకె కనిపించినప్పుడల్లా అది ఎవరిని లెక్కపెట్టింది, ఎవరిని వదిలేసింది అని అడుగు.

విచారణ జరిగింది, జనం సంఖ్యకు పరిమితి ఉండాలని, మైదానాలను తనిఖీ చేయాలని నివేదిక వచ్చింది. మైదానాల భద్రతకు చట్టం రావడానికి మాత్రం 1975 దాకా పట్టింది, అదీ గ్లాస్గోలో ఐబ్రాక్స్ మైదానంలో 66 మంది పోయాక. నువ్వు లివర్‌పూల్ అభిమానివి. 1989లో హిల్స్‌బరో మైదానంలో జనం ఒత్తిడిలో నలిగి పోయిన లివర్‌పూల్ అభిమానుల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. 1946-47లో మూడున్నర కోట్లకు పైగా జనం లీగ్ మ్యాచ్‌లకు వచ్చారని గర్వంగా రాశావు. ఆ అంకె పక్కనే బర్న్‌డెన్ పార్క్ 33 మందినీ రాయి. అవే మెట్లు, అవే కమ్మీలు.

ఓడినవాళ్లకూ, కింది డివిజన్ల వాళ్లకూ కొంచెం చోటివ్వు. లీడ్స్ 42 మ్యాచ్‌ల్లో 30 ఓడి 18 పాయింట్లతో కింది డివిజన్‌కు పోయింది, బయటి మైదానాల్లో ఆ ఏడాదంతా దక్కింది ఒకే ఒక్క పాయింట్. రెండో డివిజన్లో న్యూపోర్ట్ ఒకే రోజు 13 గోల్స్ తింది, అందులో ఆరు లెన్ షాకిల్టన్ అనే కుర్రాడు న్యూకాజిల్ తరఫున తన మొదటి మ్యాచ్‌లోనే కొట్టాడు. మూడో డివిజన్ నార్త్‌లో డాన్‌కాస్టర్ 72 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచింది. వీళ్లందరికీ పేజీలు అక్కర్లేదు, తలా రెండు లైన్లు చాలు.

నోట్‌బుక్‌లో నవంబరు పూర్తయ్యాక ఆ పేజీల ఫోటోలు పంపు, పట్టిక లెక్కలు నేను సరిచూస్తాను. డిసెంబరు 5-1 దగ్గర తొందరపడి ముందుకు తిప్పకు. మీ నాన్నమ్మను అడిగానని చెప్పు. దసరాకు వచ్చేటప్పుడు నోట్‌బుక్ వెంట తెచ్చుకో.

నీ చిన్న తాతయ్య