పైపు పెట్టి కారు కడిగే పక్కింటాయన

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో ట్యాంకర్ డబ్బులు అందరం సమానంగా వేసుకుంటున్నాం, ఒకాయన రోజూ పైపు పెట్టి కారు కడుగుతాడు, ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు మొదలెట్టారు. ఫైన్ వేస్తే దారికొస్తారా?
– ఓ గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: జనంలో ఏ అలవాటు ఎలా పాకుతుందో చెప్పే ఎవల్యూషనరీ గేమ్ థియరీ ప్రకారం జనం పెద్దగా లెక్కలేసుకోరండీ, ఎవరికి లాభం కనిపిస్తే వాళ్లని కాపీ కొడతారు, ఖర్చు సమానమైతే పొదుపు చేసినవాడే పిచ్చోడు. ఫైన్‌తో మాత్రం జాగ్రత్త! ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని లేటుగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి డేకేర్లు ఫైన్ పెడితే లేట్లు ఇంకా పెరిగాయి, డబ్బు కడుతున్నాంగా అని మొహమాటం పోయినట్టుంది, ఫైన్ తీసేసినా తగ్గలేదు. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించిందేంటంటే, నీళ్లూ అడవులూ బాగా పంచుకున్న ఊళ్లలో వాడకంపై నిఘా ఉంటుంది, శిక్ష చిన్నగా మొదలవుతుంది. ఫ్లాటుకో మీటరు పెట్టించి రీడింగులు లిఫ్ట్ పక్కన అంటించండి, బిల్లు దాన్నిబట్టే పంచండి. మీటింగులో గొడవ మాత్రం తప్పదు.