ఆ ప్రశాంతత నిలుస్తుందా?

ప్రశ్న: ప్రధాన రహదారికి దూరంగా, చెట్ల నీడలో ఉన్న ఒక కాలనీలో ఇల్లు కొనాలనుకుంటున్నాం. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ ఎంతో ప్రశాంతంగా అనిపించింది. ఆ నమ్మకంతో కొనవచ్చునా?

జవాబు: మీరు ఏ వేళల్లో వెళ్లారన్నది ముఖ్యం. పగటిపూట అందరూ పనులకు వెళ్లాక ఏ వీధి అయినా నిశ్శబ్దంగానే ఉంటుంది కనుక, ఉదయం బడి వేళకు, రాత్రి 11 గంటల తర్వాత, సెలవు రోజు సాయంత్రం విడివిడిగా వెళ్లి, పడకగదిలో కిటికీలు తెరిచి కాసేపు, మూసి కాసేపు కూర్చుని వినండి. నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగదిలో నిరంతరాయంగా వినిపించే శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. చెట్ల వరుస కంటికి హాయినిస్తుందే గానీ శబ్దాన్ని పెద్దగా ఆపదు. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య సన్నని సందు ఉన్నా మందమైన అద్దం వల్ల ప్రయోజనం తగ్గిపోతుంది కాబట్టి, ఆ అంచులను చేత్తో తడిమి చూడండి.

నన్నడిగితే, ఇంటికంటే పక్కనున్న ఖాళీ స్థలాన్నే ఎక్కువగా పరిశీలించాలి. అక్కడ ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, దుకాణాలకు వీలుందో లేదో, ముందున్న వీధిని వెడల్పు చేసే ప్రతిపాదన ఏదైనా ఉందేమో పట్టణ ప్రణాళికలో చూసుకోకుండా బయానా ఇవ్వకండి. సగం ఇళ్లలో ఇంకా ఎవరూ చేరని కాలనీ అయితే, ఇప్పటి ప్రశాంతతను లెక్కలోకి తీసుకోనే కూడదు. వీలైతే కొన్ని నెలలు ఆ వీధిలోనే అద్దెకు ఉండి, ఆ తర్వాత నిర్ణయించుకోండి.