ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతే దారి మార్చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయ్యాక ఎనిమిది నెలలుగా పవర్ బీఐ (డేటాతో రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటోంది. మొన్న ఇంటర్వ్యూలో "ఆర్డర్ల టేబుల్‌లో కోటి వరుసలు, డెలివరీల టేబుల్‌లో కోటి వరుసలు. రెండింటినీ 36 అక్షరాల ఆర్డర్ ఐడీతో కలిపితే రిపోర్ట్ ఎందుకు నెమ్మదిస్తుంది?" అని అడిగితే నోరు పెగల్లేదట. మా అన్నయ్య కొడుకు అప్పుడే ఉద్యోగంలో చేరిపోయాడు. ఇది మాన్పించి ఏఐ కోర్సులో చేర్చమంటారా? రెండింటిలో ఏది మేలు?
- ఒక తండ్రి

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, మీ అసలు బెంగ "ఎనిమిది నెలలు వృథా అయ్యాయా, మా పిల్లకి ఇది రాదా" అని. వృథా కాలేదండీ. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగుతారు. కోర్సుల్లో ఇచ్చే టేబుళ్లు చిన్నవి, ఏ ఐడీతో కలిపినా రిపోర్ట్ టక్కున వచ్చేస్తుంది. ఎదురుపడని ఇబ్బంది ఎలా తెలుస్తుంది?

అమ్మాయికి ఇలా చెప్పండి. పవర్ బీఐ ఒక్కో కాలమ్‌ను విడిగా దాచుకుంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే విలువను డిక్షనరీలో ఒక్కసారే రాసుకుని, వరుసల్లో చిన్న నంబర్ వేసుకుంటుంది. ఊరి పేర్లయితే డిక్షనరీలో ఏ రెండొందలో ఉంటాయి. ఆర్డర్ ఐడీలు ఏ రెండూ ఒకటి కావు కాబట్టి డిక్షనరీయే కోటి పదాలవుతుంది. పైగా రిపోర్ట్‌లో ఏదైనా ఎంచుకుంటే ఆ ఫిల్టర్ ఈ కోటి విలువల మీదుగా రెండో టేబుల్‌కి దాటాలి.

"పొడవాటి ఐడీ బదులు ఒక్కో ఆర్డర్‌కి ఒక నంబర్ (అంకెల కీ) పెడతాం" అనేది సగం జవాబే. మెమరీ తగ్గుతుంది, విలువలు మాత్రం కోటికి కోటీ అలాగే ఉంటాయి. ఒక ఆర్డర్‌కి ఒకే డెలివరీ ఉంటే లోడ్ చేయకముందే రెండు టేబుళ్లనూ ఒకటి చేసేయాలి. అప్పుడు ఆ రెంటినీ కలిపే లింకే (రిలేషన్‌షిప్) అక్కర్లేదు. రిపోర్ట్‌లో ఎవరూ చూడకపోతే ఐడీ కాలమ్‌నూ వదిలేయొచ్చు. తేదీ, సమయం కలిసున్న కాలమ్‌దీ ఇదే గొడవ. సెకన్లతో సహా ఉంచితే పదేళ్లకి 31 కోట్లకు పైగా వేర్వేరు విలువలు రావచ్చు. విడదీస్తే తేదీలు 3,650 చిల్లర, సమయాలు 86,400, అంతే.

ఇక ఏఐ కోర్సు. కొద్ది నెలల్లో ఎవరినైనా ఏఐ ఇంజనీర్‌ని చేస్తామనే మాట మీద నాకు నమ్మకం లేదు. అక్కడికి వెళ్లినా ఈ ఐడీ కాలమ్ వెంటే వస్తుంది. కస్టమర్ ఐడీని ఉన్నదున్నట్టు ఏఐ మోడల్‌కి ఇస్తే, అది నేర్చుకోవాల్సింది మానేసి పాత కస్టమర్లను బట్టీ పట్టేయగలదు. కొత్త కస్టమర్ రాగానే తెల్లమొహం వేస్తుంది. డేటా మీద ఈ పట్టు దొరికాక ఏఐ వైపు వెళ్తానంటే సంతోషంగా పంపండి. భయపడి మాత్రం పంపొద్దు.

కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో అన్నయ్యగారబ్బాయి ఉన్నాడు, మీ అమ్మాయికి ఏం ఇష్టమో లేదు. ఇంటర్వ్యూలో దెబ్బతిని వచ్చిన పిల్ల ముందు ఆ పోలిక తెస్తే టెన్షన్ పెరుగుతుంది తప్ప జవాబు రాదు. అసలు ఆ ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చి చెప్పింది చూశారా, ఈ పనికి కావాల్సిన బుద్ధి అదే.

ఈ వారం పది లక్షల వరుసల టేబుల్ ఒకటి తయారు చేసుకోమనండి. ఐడీ కాలమ్‌తో ఒక ఫైలు, అది లేకుండా ఒక ఫైలు సేవ్ చేసి, సైజుల్లో తేడా ఎందుకొచ్చిందో మీకే వివరించమనండి. పక్కన కూర్చుని మొత్తం వినండి.