జీపు కొన్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు భీమవరంలో రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర పాత సీజే3బీ జీపు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "చిన్నప్పుడు దాన్ని షెడ్డులో కూర్చోబెట్టి నట్లు ఏరించావుగా, ఇప్పుడు నువ్వే సర్దిచెప్పు" అని నామీద పడింది. సరే సరే అన్నాను. ఫోన్ పెట్టేసినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను, మా పిల్ల జీపు కొంది, తనే విప్పి బాగుచేసుకుంటుందట అని.

ఫొటోలు చూశాను. పైన రంగు కొట్టి అమ్మేశాడు కానీ కింద ఛాసీ దాస్తే దాగుతుందా? ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగిన బండి అది. స్ప్రింగ్ పట్టీల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. నువ్వు కింద పడుకుని పైకి చూస్తూ సుత్తితో కొడితే ఆ పొడి అంతా తిన్నగా కళ్లలోకే. కళ్లకు గాగుల్స్ లేకుండా కిందికి దూరావని తెలిసిందా, హైదరాబాద్ వచ్చి తాళాలు లాక్కుపోతాను. కన్ను పోగొట్టుకున్న మెకానిక్కులను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. జాకీ ఒక్కదాన్నే నమ్మకు. ఛాసీ కింద స్టాండులు పెట్టు. బిగుసుకున్న బోల్టును లాగేటప్పుడు బండి మొత్తం ఊగుతుంది.

స్పానర్ల సంగతి. ఆ బండికి కంపెనీ వేసిన నట్లు అంగుళాల లెక్కవి. నీ దగ్గరున్నవి మిల్లీమీటర్లవి. 3/4కి 19 సరిపోతుంది, 5/8కి 16 పరవాలేదు. 9/16 దగ్గరే చిక్కు. అది 14.3 మిల్లీమీటర్లు. 14 దూరదు, 15 వదులు. ఆ 15తోనే లాగావంటే మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది, ఇక ఏ స్పానరూ పట్టదు. తుప్పు పట్టినవాటికి నోరు తెరిచి ఉండే డబుల్ ఎండ్ స్పానర్ వాడకు. ఆరు మూలల సాకెట్ గానీ, రింగు గానీ.

ముందు వైర్ బ్రష్‌తో గీకు, థ్రెడ్, అంటే మరలు, కనబడాలి. తర్వాత ఆయిల్. షాపులో దొరికే స్ప్రే చాలు. మా షెడ్డులో అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ చెరిసగం కలిపి వాడేవాళ్లం, కానీ అది భగ్గున అంటుకుంటుంది, ఇంట్లో వద్దు. సాయంత్రం పోసి, తలమీద నాలుగు దెబ్బలు వేసి, పొద్దున మళ్లీ పొయ్యి. విప్పే ముందు ఒక పిసరు బిగించి చూడు, కిర్రుమని కదులుతుంది. అప్పుడు కొంచెం విప్పు, మళ్లీ వెనక్కి బిగించు, ఆయిల్ వెయ్యి. లాగుతుంటే చేతికి మెత్తగా, సాగుతున్నట్టు తగిలితే వెంటనే ఆపెయ్. బోల్టు విడిపోవడం కాదది, మెలిపడుతోంది. ఇంకొంచెం లాగితే తెగుతుంది.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్తాను. నేను చెప్పానని అనకు.

కొత్తల్లుడుగా సంక్రాంతికి నర్సీపట్నం వచ్చాడు. షెడ్డులో సర్వీసు జీపు ఒకటి ఉంటే, మీ అమ్మకు లంబసింగి చూపిస్తానని నన్నడిగి తీసుకెళ్లాడు. ఘాట్ ఎక్కకముందే ఎడమ ముందు టైరు పంచరు. బావకు చిన్నప్పటి నుంచి స్కూటర్ విప్పిన చెయ్యి, చక్రం మార్చడం ఒక లెక్కా! వీల్ స్పానర్ పెట్టి అందరం తిప్పే వైపే తిప్పాడు. కదల్లేదు. తుప్పు పట్టేసిందన్నాడు. పక్కూళ్లో కిరసనాయిలు అడిగి తెచ్చి పోశాడు. స్పానర్ మీద ఎక్కి నిలబడ్డాడు. మీ అమ్మ వద్దంటూనే ఉంది, కొత్త మొగుడు వింటాడా? దారినపోయే ట్రాక్టర్ వాడి దగ్గర పైపు అరువు తెచ్చి స్పానర్‌కు తొడిగి వేలాడాడు. నట్టు ఎక్కే బోల్టు, అదే స్టడ్, ఠప్పున తెగింది. పడి మోచెయ్యి గీరుకుని, లేచి రెండోదానికి తొడిగాడు. అదీ తెగింది.

కబురందుకుని నేను వెళ్లేసరికి ఇద్దరూ చెరో రాయి మీద, చెరో వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. తెగిన స్టడ్ ముక్క చేతిలోకి తీసుకున్నాను. తెగినచోట లోహం తెల్లగా మెరుస్తోంది. థ్రెడ్‌కు గ్రీజు ఇంకా అంటుకునే ఉంది. తుప్పన్నది చుక్క లేదు. చివర మట్టి తుడిస్తే ఎల్ అనే అక్షరం కనబడింది.

పాత జీపులకు ఎడమ వైపు చక్రాల స్టడ్లు రివర్స్ థ్రెడ్ అమ్మలూ. మామూలు థ్రెడ్ అయితే బండి ముందుకు పోయేటప్పుడు ఆ వైపు నట్లు వాటంతటవే వదులవుతాయని అలా చేశారు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి. పాపం బావ పైపు వేసి మరీ వాటిని బిగించాడు. మిగిలిన మూడూ మామూలు స్పానర్‌తో, ఒంటిచేత్తో విప్పాను. ఆయన ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ తుప్పే అంటాడు, కావాలంటే అడుగు.

నీ బండికి మధ్యలో ఎవరైనా స్టడ్లు మార్చి ఉంటే కొన్ని మామూలువి, కొన్ని రివర్స్‌వి ఉండొచ్చు. బండిలో కూర్చుని ముందుకు చూస్తే నీ ఎడమచేతి వైపు చక్రాలవి, స్టీరింగ్ ఎటున్నా సరే. ఒక్కొక్కదాని చివర గీకి చూడు.

స్ప్రింగ్ పట్టీలను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల మీద మాత్రం జాలి చూపించకు. యాక్సిల్ బరువును స్టాండ్ల మీదకు తీసుకుని, కోసేసి కొత్తవి వేయించు. ఎగ్జాస్ట్ స్టడ్ తెగితే, ముక్కకు బెజ్జం వేసి లోపలి నుంచి పట్టి తిప్పే ఈజీ అవుట్ జోలికి పోకు. అది లోపల విరిగిందంటే డ్రిల్లు కూడా దిగదు. తెగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయిస్తే ఆ వేడికే వదులవుతుంది. ఆ పని వెల్డర్ చెయ్యాలి, నువ్వు కాదు. గ్యాస్ మంట నువ్వు ముట్టుకోవద్దు. డ్రైవర్ సీటు కిందే పెట్రోల్ ట్యాంకు ఉందని గుర్తుందా? బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టినచోట మంట అసలే వద్దు, కొన్నిటికి వేడి తగిలితే విషవాయువు వస్తుంది.

నా అంగుళాల సెట్టు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. అందులో 9/16 రింగు మా గురువుగారిది, పనయ్యాక తిరిగి పంపించు. మిగతావి ఉంచుకో. ముందుగా ఎడమ వైపు చక్రాల స్టడ్ల ఫొటోలు పెట్టు, నేను చూసి ఫోన్ చేసేదాకా పైపు వేసి లాగకు.

మామయ్య