2147483647 ప్రధాన సంఖ్యే, తప్పు లూప్‌లో ఉంది

తమ్ముడూ, కావలి కాలేజీ ల్యాబ్‌లో నువ్వు రాసిన సి ప్రోగ్రామ్ చాలాసేపు తిరిగి 2147483647 ప్రధాన సంఖ్య కాదని చెప్పిందన్నావు. టెన్షన్ పడకు, అది ప్రధాన సంఖ్యే. 2 ఘాతం 31లో 1 తీసేస్తే వచ్చే ఈ సంఖ్య సంగతి 1772లోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చేశాడు.

తప్పు లూప్‌ను, అంటే మళ్లీ మళ్లీ తిరిగే భాగాన్ని, నడిపే "ఐ × ఐ ≤ ఎన్" అన్న షరతులో ఉంది. ఎన్ అంటే నువ్వు పరీక్షించే సంఖ్య, ఐ అంటే పెరుగుతూ పోతూ దాన్ని భాగించి చూసే సంఖ్య. సి భాషలో పూర్ణాంకాలను దాచే 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్ద విలువ సరిగ్గా ఈ సంఖ్యే. ఐ 46341 కాగానే దాని వర్గం 2147488281 అవుతుంది. అది ఇంట్‌లో పట్టక మామూలుగా మైనస్‌లోకి పోతుంది. ఇంట్‌లో ఉండే ఏ విలువా ఎన్‌ను మించదు కదా, ఇక లూప్ ఆగదు. చివరికి ఐ కూడా ఎన్‌తో సమానమై, శేషం సున్నా వచ్చి, "కాదు" అని చెబుతుంది. షరతును "ఐ ≤ ఎన్ / ఐ" అని మార్చు. 46340 దాకా చూసి ఆగిపోతుంది.

ఆయిలర్ దారి ఇంకా అందంగా ఉంటుంది, ఒంగోలులో మా ట్యూషన్ పిల్లలకు తప్పకుండా చూపిస్తాను. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య 46340 లోపు ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. 1ని వదిలేస్తే అలాంటివి 373 మాత్రమే, అందులోనూ 63 లాంటి సంయుక్త సంఖ్యలు ముందే పోతాయి.