ఐస్‌లాండ్‌లోని స్నేఫెల్స్‌నెస్ ద్వీపకల్పాన్ని ఒక్క రోజులో చూసి రావచ్చా?

వేసవిలో అయితే రావచ్చు. రాజధాని రేక్యావిక్ నుంచి అక్కడికి కారులో రెండు గంటల పైనే పడుతుంది. డిసెంబరులో పగలే నాలుగు గంటలు, ఇక చూసేదేముంటుంది?

తెల్లారేసరికి బయల్దేరి ముందు దక్షిణ తీరం పట్టండి. ఆర్నార్‌స్టాపి నుంచి హెల్నార్ దాకా రెండున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. పక్కనే సముద్రం, కాళ్ల కింద గడ్డకట్టిన లావా, రాతి కమానుల్లో పక్షుల గోల. ఒక్కచోటే ఆగే తీరిక ఉంటే నేనైతే ఇక్కడే ఆగుతాను.

తర్వాత డ్యూపాలోన్‌సాండుర్, నల్లటి గులకరాళ్ల తీరం. అక్కడ నాలుగు బండలు కనిపిస్తాయి. పడవ పనికి వచ్చే జాలర్ల బలాన్ని వాటితోనే పరీక్షించేవారట. పెద్దది 154 కిలోలు, చిన్నది 23. చిన్నదాన్ని లేపి ఫొటో దిగి సరిపెట్టుకోండి! నీళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, అలలు లాగేస్తాయి.

వీటన్నిటి వెనక 1,446 మీటర్ల ఎత్తున, నెత్తిన మంచు కప్పుకుని స్నేఫెల్స్‌యోకుల్ అగ్నిపర్వతం. మబ్బు పడితే అసలు కనపడదు. తిరుగు దారిలో ఉత్తరాన కిర్క్యుఫెల్ కొండ. అందరూ ఎగబడేది దానికే, పది నిమిషాలు చాలు.

గాలికి కారు తలుపు విరిగినంత పనవుతుంది, పట్టుకుని తీయండి.